కోటలోపలి శత్రువు: క్షయక్రిమి, మన వ్యాధినిరోధక శక్తి

మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది ఉప్పల్, నాచారం, రామంతాపూర్, హబ్సిగూడ ప్రాంతాలకు చెందినవారు. ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా బస్సులో వచ్చిపోయేవారు సి.డి.ఎఫ్.డి. అన్న పేరు గల ప్రాంగణాన్ని చూసే ఉంటారు. డి.ఎన్.ఎ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం అని దాని అర్థం. 1996లో పని ప్రారంభించిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ తొలినాళ్ళలో నాచారంలో ఉండి, ఆపై నాంపల్లికి మారి, తుదకు ఉప్పల్‌లోని ప్రాంగణానికి చేరింది. హత్య కేసులలో రక్తపు మరకలను, పితృత్వ వివాదాలను తేల్చే చోటుగానే మనలో చాలామంది దానిని ఎరుగుదురు. మాకూ అంతకు మించి తెలియదు. మా మిత్రుడొకడు జబ్బుపడిన తరువాత, ఆ జబ్బును గురించి చదువుతూ పోగా, ఆ వ్యాధికారక క్రిమి మన శరీరాన్ని ఏ విధంగా వంచిస్తుందో కొంత బయటపెట్టినవారు మన పొరుగునే ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయాము. ఆ జబ్బు క్షయ. ఈ వ్యాసం దానిని గురించినదే.

ముందుగా మిత్రుని సంగతి. అతనిది నాచారంలో ఒక్క గది ఇల్లు, అందులో ఐదుగురు. దగ్గు వచ్చింది. జలుబు అనుకొని నెలకు పైగా దగ్గు మందు సీసాలతో గడిపాడు. సాయంకాలం జ్వరం, రాత్రి చెమటలు, చూస్తూండగా చొక్కా వదులైంది. తెమడ పరీక్షలో క్షయ అని తేలింది. మందులు మొదలైన రెండు మాసాలకు దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, ఒళ్ళు వచ్చింది. ఇక మందులెందుకని మానివేశాడు. తరువాతి వానాకాలానికి జబ్బు తిరిగి వచ్చింది. మేము చూడబోయిన రోజున అతని తల్లి మమ్మల్ని గడప దగ్గరే నిలిపి, “ఎవరడిగినా టైఫాయిడ్ అని చెప్పండి బేటా” అని బతిమాలింది. ఇంట్లో ఆడపిల్లకు సంబంధాలు చూస్తున్నారు మరి. మేము అలాగే చెప్పాము. అతని పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్న వారికి కూడా అలాగే చెప్పాము. ఆ అబద్ధం ఎంత దూరం పోగలదో ఆనాడు మాకు తెలియదు.

ఈ వ్యాధి మనకు కొత్తది కాదు. తెలుగులో క్షయ అన్నా, సంస్కృతంలో రాజయక్ష్మ అన్నా, ఉర్దూలో తపేదిఖ్ అన్నా అన్నింటిలోనూ కృశింపజేయడమనే భావమే కానవస్తుంది. పదకొండవ శతాబ్దంలో ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో దీనిని ఒకరి నుండి మరొకరికి అంటే వ్యాధులలో చేర్చాడు. 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ దీనికి కారణమైన క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. క్రిమి తెలిసింది కదా, ఇక కథ ముగిసింది అనుకొన్నవారు ఆనాడు ఉండవచ్చు. ముగియలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో కోటీ 8 లక్షల మంది క్షయ బారినపడగా, పన్నెండున్నర లక్షల మంది మరణించారు. రోగులలో నాలుగోవంతుకు పైగా మన దేశంవారే.

అయితే ఇదే లెక్కలలో మరొక అంకె ఉన్నది. విద్యార్థులు దానిని గమనించాలని మా కోరిక. లోకంలోని జనాభాలో దాదాపు నాలుగోవంతు మంది శరీరంలో క్షయక్రిమి ఎప్పుడో ఒకప్పుడు ప్రవేశించిందని అంచనా. వారిలో జీవితకాలంలో జబ్బుపడేవారు నూటికి ఐదు నుండి పదిమంది. క్రిమి సోకడం వేరు, వ్యాధి రావడం వేరు. ఈ రెండింటికీ నడుమ ఉన్నదే వ్యాధినిరోధక వ్యవస్థ. తక్కిన తొంభైమందిని అది ఎలా కాపాడుతున్నది? ఆ పదిమందిలో ఎందుకు ఓడిపోతున్నది?

రోగి దగ్గినప్పుడు వెలువడే తుంపరలలో అతి సూక్ష్మమైనవి గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. పెద్ద తుంపరలను ముక్కులోని వెంట్రుకలు, శ్వాసనాళపు జిగురు పొర పట్టివేస్తాయి. సూక్ష్మమైనవి మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలి గదుల వరకు పోతాయి. అక్కడ కావలి కాసేది మాక్రోఫేజ్ అనే స్థూలభక్షక కణం. శరీరంలో ఇటువంటి భక్షక కణాలున్నాయని మొదట గ్రహించినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెసీనా సముద్రతీరాన నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి, మరునాటి ఉదయం ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉండడం చూశాడు. కాక్ క్రిమిని చూపినదీ, మెచ్నికాఫ్ కావలివానిని చూపినదీ ఒకే సంవత్సరం కావడం మాకు ముచ్చట గొలిపింది.

భక్షక కణం పని తీరు ఇది. వచ్చిన క్రిమిని పొరతో చుట్టి లోపలికి లాగుతుంది. అప్పుడు క్రిమి ఒక చిన్న సంచిలో బందీ అవుతుంది. ఆ సంచిలో ఆమ్లం పెరుగుతుంది. తరువాత లైసోసోమ్ అనే మరొక సంచి వచ్చి దీనితో కలిసిపోయి, తనలోని జీర్ణరసాలను కుమ్మరిస్తుంది. సాధారణ సూక్ష్మజీవి అక్కడితో కరిగిపోతుంది. ఇదేగాక, కణం నైట్రిక్ ఆక్సైడ్ వంటి విషవాయువును కూడా తయారు చేసి క్రిమిపై ప్రయోగించగలదు.

క్షయక్రిమి ఇక్కడనే తన విద్య చూపుతుంది. దాని ఒంటి చుట్టూ మైకాలిక్ ఆమ్లాలతో కూడిన మైనపు కవచం ఉన్నది. అది తనను బంధించిన సంచిలో ఆమ్లం పెరగనీయదు. లైసోసోమ్‌ను దరి చేరనీయదు. అంటే, తనను తిన్న కణంలోనే కాపురం పెడుతుంది. తొందర దానికి లేదు. మన పేగులలోని ఇ.కోలై ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలగలిగితే, క్షయక్రిమికి ఇంచుమించు ఒక పగలో ఒక రాత్రో, కొన్నిసార్లు ఒక పూర్తి దినమో పడుతుంది. కంఠసర్పి వంటి జబ్బులో క్రిమి విడిచిన విషాన్ని రక్తంలోని ప్రతిరక్షకాలు పట్టుకోగలవు. ఇక్కడ శత్రువు కణం గోడల మధ్య ఉన్నాడు గనుక ప్రతిరక్షకాల వల్ల ఒరిగేది స్వల్పం.

ఉప్పల్ శాస్త్రజ్ఞుల కృషి ఈ ఘట్టానికి చెందినది. భక్షక కణం ఉపరితలం మీద టోల్ గ్రాహకాలు అనేవి ఉంటాయి. వీటిని వాకిలి దగ్గర చెవి ఒగ్గి ఉన్న కాపరులనవచ్చు. సూక్ష్మజీవుల దేహంలో మాత్రమే ఉండే పదార్థం తగలగానే అవి కణం లోపలికి వార్త పంపుతాయి. దానితో కణం ఇంటర్‌ల్యూకిన్-12 వంటి రసాయనాలను విడిచి తక్కిన సైన్యాన్ని పిలుస్తుంది. అయితే పోరు శ్రుతి మించితే సొంత కణజాలమే కాలిపోతుంది గనుక, పోరు ఆపండి అని చెప్పే రసాయనాలు కూడా శరీరానికి అవసరమే. ఇంటర్‌ల్యూకిన్-10 అటువంటిది. పిలుపు ఒకటి, విరమణ ఒకటి. ఈ రెండింటి సమతూకమే ఆరోగ్యం.

క్షయక్రిమి జన్యుపటాన్ని 1998లో పూర్తిగా చదివినప్పుడు అందులో రమారమి 4,000 జన్యువులు కనిపించాయి. వాటిలో పి.ఇ., పి.పి.ఇ. అనే రెండు కుటుంబాలు దాదాపు పదోవంతు స్థలాన్ని ఆక్రమించి ఉన్నాయి. ఇంత స్థలాన్ని క్రిమి దేనికి కేటాయించిందో అప్పట్లో బోధపడలేదు. సి.డి.ఎఫ్.డి.లో సంగీతా ముఖోపాధ్యాయ బృందం ఈ కుటుంబంలోని పి.పి.ఇ.-18 అనే మాంసకృత్తును ఎన్నుకొని పరిశీలించింది. 2009లో వారు ప్రకటించిన ఫలితం చాలా ఆసక్తికరమైనది. ఈ మాంసకృత్తు భక్షక కణం మీది రెండవ రకం టోల్ గ్రాహకానికి అతుక్కొంటుంది. అతుక్కొని, ‘పోరు విరమించండి’ అనే ఇంటర్‌ల్యూకిన్-10ను ఎక్కువగా పుట్టిస్తుంది. పిలుపునిచ్చే ఇంటర్‌ల్యూకిన్-12 తగ్గిపోతుంది. చూడండి, క్రిమి కాపరిని చంపలేదు, గోడను పగలగొట్టలేదు. కాపరి చెవిలోనే మన భాషలో మన ఆజ్ఞను పలికింది. తరువాత 2012లో అదే సంస్థ నుండి వెలువడిన పరిశోధనలో పి.పి.ఇ.-18 లేకుండా చేసిన క్షయక్రిములను ఎలుకలకు సోకించి చూశారు. ఆ ఎలుకలలో క్రిముల సంఖ్య తక్కువగా ఉన్నది, అవి ఎక్కువ కాలం బ్రతికాయి.

అదే కుటుంబంలోని పి.పి.ఇ.-2 మరొక తీరున పనిచేస్తుంది. అది భక్షక కణం యొక్క కేంద్రకంలోకే ప్రవేశించి, నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి కావలసిన జన్యువును మూసివేస్తుందని 2017లో అదే ప్రయోగశాలవారు చూపారు. పరాయి జీవి పంపిన అణువు మన కణపు కచేరీ లోపలికి పోయి దస్త్రానికి తాళం వేసిరావడం! పాఠ్యపుస్తకంలో ఆ పటం గీయడానికి ఎంత చోటు కావాలో గాని, మేము ఆ ఒక్క విషయాన్ని చాలాసేపు మాట్లాడుకొన్నాము.

ఇంత జరుగుతున్నా శరీరం ఊరకుండదు. కొన్ని భక్షక కణాలు క్రిమి ముక్కలను మోసుకొని సమీపంలోని లసికా గ్రంథులకు చేరుకొంటాయి. అక్కడ టి లింఫోసైట్లు అనే శ్వేతరక్తకణాలలో, ఆ ముక్కను గుర్తుపట్టగలిగినవి మాత్రమే మేల్కొని వృద్ధి చెందుతాయి. క్షయ విషయంలో ఇందుకు వారాలు పడుతుంది. ఇతర జబ్బులతో పోలిస్తే ఇది ఆలస్యమే. ఆ ఆలస్యం క్రిమికి లాభమే. మేల్కొన్న టి కణాలు ఊపిరితిత్తులకు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుస్తాయి. దానితో భక్షక కణాలకు కొత్త బలం వస్తుంది. అంతవరకు కలవనేరని సంచులు కలుస్తాయి, చాలా క్రిములు చస్తాయి. చేతిపై సూదితో చేసే మాంటూ పరీక్షలో 48 నుండి 72 గంటల తరువాత కనిపించే గట్టి వాపు ఈ టి కణాల జ్ఞాపకశక్తికి నిదర్శనం. ఆ వాపు కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. శత్రువును ఒకసారి చూశామని అర్థం.

చావని క్రిముల చుట్టూ కణాలు గుమిగూడి వలయంగా ఏర్పడతాయి. దీనిని గ్రాన్యులోమా అంటారు. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ఎనిమిది మాసాలు చుట్టుముట్టి ఉండడం మనం చదువుకొన్నాము. ఈ వలయం అటువంటి ముట్టడి. కాకపోతే ఇది ఏళ్ళ తరబడి సాగుతుంది. లోపల ఆమ్లజని తగ్గి, ఆహారం తరిగి, క్రిమి చీలడం దాదాపు మానివేసి నిద్రపోయినట్లు పడి ఉంటుంది. బయట సేన కావలి మానదు. పైకి మనిషి నిక్షేపంగా ఉంటాడు. దగ్గడు, ఎవరికీ అంటించడు. గోల్కొండ ద్వారం చివరకు లోపలి నుండే తెరుచుకొన్నదని కూడా చరిత్ర చెబుతున్నది. ఉపమానాన్ని ఇంతకంటె సాగదీస్తే తెగుతుంది గనుక ఇక్కడ విడిచిపెడతాము.

వలయం ఎందుకు తెగుతుంది? హెచ్.ఐ.వి. టి కణాలనే నాశనం చేస్తుంది గనుక ఆ రోగులలో క్షయ విజృంభిస్తుంది. కీళ్ళవాతానికి ఇచ్చే కొన్ని కొత్త మందులు టి.ఎన్.ఎఫ్. అనే రసాయనాన్ని అడ్డుకొంటాయి. వలయం నిలవడానికి అది అవసరం గనుక, ఆ మందులు ఇచ్చే ముందు క్షయ పరీక్ష చేస్తారు. మధుమేహం, పొగాకు, మద్యం కూడా వలయాన్ని బలహీనపరుస్తాయి. అన్నింటికంటె మన దేశంలో ముఖ్యమైనది తిండి. జార్ఖండ్‌లో క్షయరోగుల కుటుంబసభ్యులకు అదనపు ఆహారాన్ని ఇచ్చి గమనించిన అధ్యయన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అదనపు ఆహారం పొందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు, అంతే! టి కణాలు కూడా అన్నం తినే పెరుగుతాయి. ఒక్క గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో క్రిమికి గాలి ఎంత అనుకూలమో, ఖాళీ కంచం అంత అనుకూలం.

మరొక విషయం చదువుతూ మేము నివ్వెరపోయాము. ఊపిరితిత్తులలో గుంట పడడం క్షయ యొక్క ముఖ్య లక్షణం కదా! ఆ గుంటను త్రవ్వినది ప్రధానంగా క్రిమి కాదు. క్రిమిపై మన కణాలు జరిపిన పోరాటమే. వలయం నడిభాగం జున్నులాగ మెత్తబడి, కరిగి, శ్వాసనాళంలోకి తెరుచుకొంటుంది. అప్పుడు ఆమ్లజని దొరికి క్రిములు లక్షలలో పెరుగుతాయి, దగ్గుతో బయటపడతాయి. టి కణాలు బాగా తగ్గిపోయిన హెచ్.ఐ.వి. రోగులలో ఈ గుంటలు అరుదు. క్రిమి ఒక మనిషి నుండి మరొక మనిషికి చేరాలంటే మన ప్రతిఘటనే దానికి దారి వేయాలన్నమాట. కనుక ‘నిరోధక శక్తి పెంచుకోండి’ అని అమ్మే సీసాల మీది మాటలను మేము అంత సులభంగా నమ్మలేకపోతున్నాము. ఏ శక్తి, ఎంత, ఎప్పుడు అన్నవే అసలు ప్రశ్నలు.

మా మిత్రుని పొరపాటు ఏమిటో ఇప్పుడు మాకు అర్థమైంది. మందులు మొదట చంపేది చురుకుగా చీలుతున్న క్రిములను. అవి పోగానే దగ్గు తగ్గుతుంది, ఇతరులకు అంటించడం కూడా చాలావరకు ఆగిపోతుంది. వలయంలో, భక్షక కణాలలో మందకొడిగా పడి ఉన్నవి మాత్రం మిగిలే ఉంటాయి. వాటి కోసమే ఆరు మాసాల చికిత్స. నడుమ మానివేస్తే మిగిలినవి మళ్ళీ చీలుతాయి; వాటిలో మందుకు లొంగనివి బలపడితే మొండి క్షయ అవుతుంది. అదృష్టవశాత్తు అతనికి మొండి క్షయ రాలేదు. రెండవసారి చికిత్స పూర్తి చేశాడు. ఇంటివారందరికీ పరీక్ష జరిగింది. చెల్లెలికి జబ్బు లేదు, క్రిమి మాత్రం సోకి ఉన్నది. నివారణ మందులు వాడింది. బెంచీ మీది ఇద్దరికి మేమే వెళ్ళి నిజం చెప్పాము. వారిలో ఒకడు మాతో కొంతకాలం మాట్లాడలేదు. అతని కోపం న్యాయమైనదే.

రోగిని ఇంట్లో ఉంచుకోవచ్చునా అని ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు మద్రాసు నుండి ఏనాడో వచ్చి ఉన్నది. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రం, ఇంట్లో మందులు వాడినవారు శానటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకొంటారని, ఇంటివారికి అందువల్ల అదనపు ప్రమాదం లేదని 1959లో లోకానికి చాటింది. అంతవరకు మదనపల్లె సమీపాన 1915లో వెలసిన ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గరి అనంతగిరి వంటి కొండగాలి చోట్లే రోగుల ఆశ.

మరి టీకా మాట? కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని పదమూడేళ్ళపాటు ప్రయోగశాలలో పెంచి సాధువుగా మార్చారు. 1921లో దానిని మొదట ఒక శిశువుకు ఇచ్చారు. అదే బి.సి.జి. మన దేశంలో దాని వాడకం 1948లో మొదలైన తొలి స్థలాలలో మదనపల్లె ఒకటి. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ వంటి ఘోర రూపాలు రాకుండా అది కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల క్షయ సంగతి వేరు. నాటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఆరంభించి, రమారమి 2,60,000 మందిపై జరిపిన మహా పరిశీలనలో ఏడున్నరేళ్ళ తరువాత చూడగా బి.సి.జి. వల్ల పెద్దలకు రక్షణ కనిపించలేదు. మట్టిలో, నీటిలో ఉండే ఇతర మైకోబాక్టీరియాలు ముందే సోకి ఉండడం ఒక కారణమై ఉండవచ్చునన్నారు. పదమూడేళ్ళ పెంపకంలో ఆ క్రిమి ఆర్.డి.-1 అనే జన్యుభాగాన్ని పోగొట్టుకొన్నది కూడా. అందులోనిదే ఇశాట్-6 అనే మాంసకృత్తు. క్రిమి ముక్కలను భక్షక కణాలు టి కణాలకు చూపించే పనికి ఇశాట్-6 అడ్డు తగులుతుందని 2014లో సి.డి.ఎఫ్.డి. బృందమే తెలిపింది. ఆయుధాన్ని పోగొట్టుకొన్న క్రిమి సాధువైంది నిజమే. ఆ ఆయుధం రూపు మన టి కణాలకు నేర్పే అవకాశం కూడా దానితోనే పోయింది.

పి.పి.ఇ.-18 వద్దకు మరల వచ్చి ముగిస్తాము. ఎం-72 అనే కొత్త టీకాను రెండు క్షయ మాంసకృత్తులను కలిపి తయారు చేశారు. వాటిలో ఒకటి ఈ పి.పి.ఇ.-18! దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా దేశాలలో, క్రిమి సోకి జబ్బుపడని పెద్దలకు దీనిని ఇచ్చి చూడగా మూడేళ్ళలో దాదాపు 50 శాతం రక్షణ కనిపించిందని 2019లో ప్రకటించారు. కాపరి చెవిలో దొంగ ఆజ్ఞ పలికిన ఆ నోటినే ఇప్పుడు టి కణాలకు ఆనవాలుగా చూపుతున్నారన్నమాట. మరింత పెద్ద ఎత్తున పరీక్ష 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో ఆరంభమైంది. దాని ఫలితం కొరకు మా మిత్రుడు మాకంటె ఎక్కువ ఆతురతతో ఎదురుచూస్తున్నాడు.